మా చైనా పింగాణీ వాజ్‌కి వాల్యుయేషన్ చేయించిన కథ

ఇంట్లో పాత చైనా పింగాణీ వాజ్ ఒకటి ఉండి, అది ఏ కాలందో ఎంత చేస్తుందో తెలీక తల పట్టుకున్నవాళ్లకి పనికొస్తుందేమోనని రాస్తున్నా. మాది మావయ్య కొన్నది. ఆయన సరుకు ఓడల్లో ఇంజనీరుగా చేసేవాడు, ఎప్పుడో హాంకాంగ్‌లో ఓడ ఆగినప్పుడు కొన్నానని చెప్పేవాడు, అంతకుమించి ఎవరికీ ఏమీ తెలీదు. ఆయనకి పిల్లల్లేరు కాబట్టి పోయాక సామాన్లు అమ్మా పిన్నీ పంచుకున్నారు, మిగతావన్నీ ఒక్క పూటలో తేలిపోయాయిగానీ ఈ వాజ్ దగ్గరికొచ్చేసరికి పీటముడి పడింది. పిన్ని అల్లుడు, నాకు బావ వరస, ఫోన్ తీసి ఫ్రాన్స్ వేలం వార్త ఒకటి అందరికీ చూపించాడు. ఆ వార్త నిజమే, 2022 అక్టోబర్‌లో ఫాంటెన్‌బ్లోలో ఒక నీలం తెలుపు చైనా వాజ్‌ని 20వ శతాబ్దపు అలంకరణ సామాను అనుకుని 1500 నుంచి 2000 యూరోలు అని అంచనా వేస్తే, కాదు ఇది 18వ శతాబ్దందే అని నమ్మినవాళ్లు ఒకళ్లని మించి ఒకళ్లు పాడి 77 లక్షల యూరోల దాకా లాక్కెళ్లారు, కమీషన్లు కలిపితే 90 లక్షలు దాటింది. ఇంకేముంది, అప్పటిదాకా ఆ వాజ్‌లో గొడుగులు పెట్టిన ఇల్లే, దాని పక్కనించి నడవడానికి కూడా భయపడ్డం మొదలెట్టారు.

వాజ్ ఎలా ఉంటుందో చెప్తా. మూరెడు కంటే కొంచెం ఎత్తు, తెల్లటి ఒంటి మీద కొండలు, పొగమంచు, వంతెన దాటుతున్న కర్ర పట్టుకున్న ముసలాయన, ఒక మూల గులాబీ రంగు పూలున్న చెట్టు. వెనకవైపు నల్ల అక్షరాల్లో కవిత, దాని చివర రెండు చిన్న ఎర్ర ముద్రలు. అడుగున ఎర్ర రంగులో చతురస్రంగా ఆరు అక్షరాల ముద్ర. ఆ ఆరక్షరాలూ బావ ఎవరిచేతో చదివించాడు, "మహా చింగ్ వంశం, చియాన్‌లాంగ్ ఏలుబడిలో తయారైంది" అని. కవిత చివర్లో డింగ్‌మావో సంవత్సరం అని కూడా ఉంది. చైనా వాళ్లకీ మన ప్రభవ విభవల్లాగే అరవై ఏళ్ల చక్రం, అదే పేరు మళ్లీ అరవై ఏళ్లకి తిరిగొస్తుంది, డింగ్‌మావో అంటే 1747, 1807, 1867, 1927, 1987. తమాషా ఏంటంటే ఈ ఏళ్లన్నీ మనకి ప్రభవే. చియాన్‌లాంగ్ ఏలింది 1736 నుంచి 1795 దాకా, అంటే 1747 సరిగ్గా అందులో పడింది కదా! బావ ఆ రాత్రి నిద్రపోయుండడు.

ముందుగా ఫొటోలు చూసి ఒక పాత సామాన్ల వ్యాపారి వెంటనే కొంటానన్నాడు. ఏ కాలందండీ అంటే చెప్పడు, రాసిస్తారా అంటే రాయడు, రేటు మాత్రం ఇప్పుడే ఒప్పేసుకోవాలంటాడు. రేటు కట్టేవాడే కొనేవాడైతే ఆ రేటు ఎవరివైపు మొగ్గుతుందో వేరే చెప్పక్కర్లేదు, దండం పెట్టేశాం. వెతగ్గా వెతగ్గా చైనా పింగాణీ మాత్రమే చూసే వాల్యుయర్ ఒకావిడ దొరికారు, తను కొనరు, అమ్మిపెట్టరు, ఫీజు చూసిన టైముకే తప్ప వస్తువు విలువలో ఇంత శాతం అని ఉండదు. మీరు ఎవరి దగ్గరికి వెళ్లినా ఈ శాతం సంగతి ముందు అడగండి, విలువ పెరిగేకొద్దీ ఫీజు పెరిగితే ఆ రిపోర్ట్‌ని ఎవరూ లెక్కచేయరు.

ఫోన్లో ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న "ఎందుకు కట్టించుకుంటున్నారు?" అని. నాకు అర్థం కాలేదు, వస్తువు ఒకటే కదా విలువ కూడా ఒకటే ఉండాలి కదా. అలా కాదట. ఇన్సూరెన్స్ కోసమైతే అలాంటిదే ఇంకోటి షాపులో వెంటనే కొనాలంటే ఎంతవుతుందో అది రాస్తారు, అన్నిట్లోకీ పెద్ద అంకె అదే. పంపకాల కోసమైతే తొందరేమీ లేని కొనేవాడూ, తొందరేమీ లేని అమ్మేవాడూ, ఇద్దరికీ వస్తువు సంగతి తెలిసుంటే ఎక్కడ కుదురుతుందో ఆ రేటు. వేలానికైతే ఇంతనుంచి ఇంత అని రెండంకెలు ఇస్తారు, పాడేవాళ్లు ముందుకు రావాలని కాస్త తక్కువగానే పెడతారు, అందులోంచి అమ్మేవాళ్ల కమీషన్ పోతుంది. మాది పంపకం కాబట్టి రెండోది. ఇది తెలీక ఇన్సూరెన్స్ అంకె పట్టుకుని అన్నదమ్ములు విడిపోయిన ఇళ్లు తను చూశానన్నారు ఆవిడ.

ఫొటోలు ఎలా కావాలో కూడా చెప్పారు. ఫ్లాష్ వద్దు, కిటికీ దగ్గర పగటి వెలుగులో తియ్యాలి, నాలుగు వైపులా, మూతి లోపల, అడుగు నిటారుగా పైనించి, అడుగు రింగు పక్కనించి దగ్గరగా, పక్కన స్కేలు పెట్టి. కడగొద్దు, పాత స్టిక్కర్ ఉంటే పీకొద్దు, లక్క ముద్ర లాంటిది ఉంటే గోకొద్దు. 1949 తర్వాత చైనా నించి బయటికి వెళ్లే పాత వస్తువులకి ప్రభుత్వం వాళ్లు చూసి ఎర్ర లక్క ముద్ర వేసేవాళ్లు, అది ఉంటే ఒక ఆధారం, అయితే ఆ ముద్రల్ని కూడా దొంగవి వేసేవాళ్లున్నారు. మాదానికి లేదు. హాంకాంగ్‌లో కొన్నదైతే లేకపోవడం వింతేం కాదన్నారు, అప్పట్లో అది బ్రిటిష్ వాళ్ల చేతిలో ఉండేది కదా.

ఇక చూసిన రోజు. ఉంగరం తీసేశారు, గాజులు తీసేశారు, బల్లమీద మందపాటి దుప్పటి పరిచారు. వాజ్‌ని మెడ పట్టుకుని ఎత్తబోయిన బావ చేతిని ఆపి, ఒక చెయ్యి అడుగున, ఒక చెయ్యి పొట్ట దగ్గర పెట్టి తనే ఎత్తి పడుకోబెట్టారు. నేనైతే ఆ బొమ్మల్ని చూస్తారనుకున్నా, లేదా ఆ ముద్రని. రెండూ చూడలేదు. నేరుగా అడుగు రింగు, అంటే వాజ్ బల్లమీద ఆనే ఆ గ్లేజ్ (గాజులాంటి నున్నటి పూత) లేని అంచు, దాని మీద వేలు పెట్టి చుట్టూ తిప్పారు, తర్వాత లూప్, అంటే కంటి దగ్గర పెట్టుకునే చిన్న భూతద్దం, పెట్టుకుని అక్కడే చాలాసేపు ఉండిపోయారు. "బొమ్మ వేసేవాడు ఎలాగైనా వేస్తాడు, ముద్ర ఎవడైనా రాస్తాడు, అడుగు దగ్గరే మట్టి మనకి బట్టలు లేకుండా కనిపిస్తుంది" అన్నారు. ఆ మాట నాకు బాగా నచ్చింది.

నాకు కూడా లూప్ ఇచ్చి చూపించారు. మట్టి నున్నగా గట్టిగా ఉంది, కానీ కాగితం తెలుపు కాదు, లైట్‌గా బూడిద రంగు కలిసిన తెలుపు. గ్లేజ్ ఆగిపోయి మట్టి మొదలయ్యే చోట సన్నని తేనెరంగు గీత, మట్టిలో ఉన్న ఇనుము బట్టీ వేడికి అక్కడ తేలి అలా రంగు వస్తుందట. రెండుమూడు చోట్ల ఇసుక రేణువులు అతుక్కుని కాలిపోయున్నాయి. రింగు మీద గీతలున్నాయి, కానీ అవి నానా దిక్కులకీ ఉన్నాయి, కొన్ని లోతు కొన్ని పైపైన. దశాబ్దాల పాటు అటూ ఇటూ జరిపితే అలా అవుతుంది, ఒకే దిక్కుకి వరసగా సన్నగా ఉంటే ఉప్పుకాగితం పెట్టి రుద్దారని అర్థం. తడి దూది తీసుకుని రింగు మీద మురికిని తుడిచారు, పోలేదు. టీ డికాషన్‌తోనో పర్మాంగనేట్‌తోనో పాతబడ్డట్టు రంగు పూసిన వాటికి ఆ దూది గోధుమ రంగుకి తిరుగుతుందట.

తర్వాత మూతిలోంచి చెయ్యి పోనిచ్చి లోపలి గోడ తడిమారు, నన్నూ తడమమన్నారు. పొట్ట మధ్యలో వేలికి ఒక గట్టు తగిలింది. జింగ్‌డెజెన్‌లో, అంటే జియాంగ్‌షీ రాష్ట్రంలో వందల ఏళ్లుగా పింగాణీకి అదే రాజధాని, అక్కడ పెద్ద వాజ్‌ని ఒకే ముద్దగా సారె మీద లాగరు, ముక్కలు ముక్కలుగా చేసి పల్చటి మట్టితో అతికిస్తారు, ఆ అతుకు లోపల తెలుస్తుంది. అచ్చులో మట్టినీళ్లు పోసి చేసినదైతే గోడ మందం అంతా ఒకేలా ఉండి, నిలువుగా అచ్చు గీత కనపడొచ్చు. అంటే మాది చేత్తో చేసిందే. బావ మొహం వెలిగిపోయింది. ఆవిడ మాత్రం "చేత్తో చెయ్యడం ఇవాళ్టికీ అక్కడ చేస్తున్నారండీ" అని నీళ్లు చల్లారు.

అప్పుడు బొమ్మ. ముసలాయన గడ్డం మీద లూప్ పెట్టి చూస్తే ఒక్కో వెంట్రుక విడిగా, మొదట్లో లావుగా చివర్లో సన్నగా ఉంది, ఒక చోట కుంచె ఆగి చిన్న చుక్క పడింది. స్టిక్కర్ అచ్చు వేసినదైతే పేపర్లో ఫొటో లాగా చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది, ఒకే పువ్వు తేడా లేకుండా పదిచోట్ల వస్తుంది. మీ ఇంట్లో ఉన్నదానికి ఇంకేం చెయ్యకపోయినా ఈ ఒక్క పని చెయ్యండి, ఫోన్ కెమెరా జూమ్ అయినా చాలు. పూల గులాబీ రంగు గురించి కూడా ఒకటి చెప్పారు, ఆ రంగు బంగారం నించి వస్తుందట, జింగ్‌డెజెన్‌లో అది బాగా వాడకంలోకి వచ్చింది 1720ల్లో. అందుకని కాంగ్‌షీ రాజు ముద్ర ఉండి, అంటే 1662 నుంచి 1722 మధ్యది అని రాసి ఉండి, ఒంటినిండా గులాబీ పూలు ఉంటే అక్కడే అనుమానించాలి. వాజ్‌ని లైటుకి ఏటవాలుగా తిప్పితే ఆకుపచ్చ చుట్టూ సబ్బు నీటి మీద కనిపించే లాంటి రంగుల మెరుపు పల్చగా కనపడింది. అది పాత రంగులకి వస్తుందిగానీ యాసిడ్‌తో కూడా తెప్పిస్తారు కాబట్టి దాన్ని ఒక్కదాన్నే పట్టుకుని నమ్మకూడదన్నారు.

ఇంత అయ్యాకగానీ ముద్ర జోలికి రాలేదు. బావ ఆగలేక అడిగేశాడు, "మరి చియాన్‌లాంగ్ అని రాసుంది కదండీ?" ఆవిడ నవ్వారు. చైనాలో పాత రాజు ముద్ర కొత్త కుండ మీద వెయ్యడం మోసమే కానక్కర్లేదు, పాతవాళ్ల పని మీద గౌరవంతో కూడా వేసేవాళ్లు. కాంగ్‌షీ కాలం కుమ్మరులు రెండొందల ఏళ్ల కిందటి చెంగ్‌హువా రాజు ముద్ర వేశారు, 19వ శతాబ్దం చివర్లో కాంగ్‌షీ ముద్ర వేశారు, 20వ శతాబ్దంలో చియాన్‌లాంగ్ ముద్ర. 1677లో జింగ్‌డెజెన్ అధికారి ఒకాయన రాజు పేరు కుండల మీద రాయొద్దని ఆర్డర్ వేస్తే, ఆ కాలం వాటికి కొన్నిటికి అడుగున నీలం రంగులో రెండు వలయాలు గీసి మధ్యలో ఖాళీగా వదిలేసి ఉంటాయట. అందుకే వేలం కేటలాగుల్లో చియాన్‌లాంగ్ ముద్ర, ఆ కాలానిదే అని రెండు ముక్కలూ ఉంటేనే వాళ్లు పూచీ పడ్డట్టు, ఉత్తి చియాన్‌లాంగ్ ముద్ర అని ఉంటే అడుగున ఏం రాసుందో చెప్పారంతే. ఇంకోటి, అడుగున ఇంగ్లీషులో చైనా అని దేశం పేరు ఉంటే అది మామూలుగా 1891 తర్వాతిది, దిగుమతయ్యే సరుకు మీద దేశం పేరు ఉండి తీరాలని అమెరికా చట్టం అప్పట్నించి అమల్లోకి వచ్చింది. అలాగని ఆ పేరు లేకపోతే అంతకు ముందుదే అని మాత్రం కాదు.

అసలు చిక్కు విప్పింది కవిత. బావ అప్పటికే చదువుకొచ్చాడు, చియాన్‌లాంగ్ రాజు స్వయంగా కవి, ఆయన కవితలు వాజ్‌ల మీద రాయించుకునేవాడు అని. అది నిజమే అన్నారు ఆవిడ, కానీ అవి రాజు ముద్రలతో ఉంటాయి. ఇక్కడ చివర ఏముందంటే డింగ్‌మావో సంవత్సరం శరత్తులో జూషాన్‌లో బస చేసి ఫలానా నేను గీశాను అని. జూషాన్ అంటే జింగ్‌డెజెన్‌లో రాజుగారి బట్టీలు ఉన్న గుట్ట. రాజుగారి బట్టీలో పనిచేసేవాడు తన పేరు రాసుకోడు, అక్కడ ఒకడు కొండ వేస్తే ఇంకొకడు చెట్టు వేస్తాడు. ఇలా ఒకడే మొత్తం గీసి, కవిత రాసి, ఊరు ఏడాది పేరు వేసి ముద్ర కొట్టడం 19వ శతాబ్దం రెండో సగంలో ఊపందుకుని, 1912 నుంచి 1949 దాకా ఉన్న రిపబ్లిక్ కాలంలో బాగా నడిచింది. జూషాన్ ఎనిమిదిమంది మిత్రులు అని అప్పటి చిత్రకారుల జట్టు ఒకటుంది, వాళ్ల పనికి ఇవాళ మంచి రేటు, అందుకే వాళ్ల పేర్లతో నకిలీలు కూడా అన్నే. మా వాజ్ గీసినవాడి పేరు ఆవిడ తన దగ్గరున్న పుస్తకాలన్నిట్లో వెతికారు, దొరకలేదు. చెయ్యి మంచిదే, పేరున్న చెయ్యి మాత్రం కాదు.

అలా 1747, 1807 రెండూ పోయాయి. 1867ని ఊరికే కొట్టిపారెయ్యలేదు, ఆ కాలంలో ఇలాంటి కొండల బొమ్మలకి పల్చటి రంగులు వాడేవాళ్లట, అవి తుడిస్తే పోయేంత పల్చగా ఉంటాయి, మాదాంట్లో గులాబీ పూల కింద తెల్ల రంగు మందంగా వేసి దానిమీద షేడ్ చేశారు, వేలికి ఎత్తుగా తగుల్తుంది. మిగిలింది 1927, 1987. ఇక్కడ అమ్మ గెలిచింది. ఎప్పటిదో ఒక నలుపు తెలుపు ఫొటో తెచ్చింది, మావయ్య కొత్త రేడియో పక్కన నిలబడ్డాడు, వెనక అలమర మీద ఇదే వాజ్, ముసలాయన కర్రతో సహా స్పష్టంగా, ఫొటో వెనక స్టూడియో ముద్రలో 1971. ఆవిడ ఆ ఫొటోని వాజ్‌ని చూసినంత శ్రద్ధగా చూశారు, కొండ గీతలు ఒక్కొక్కటి పోల్చారు. మావయ్య హాంకాంగ్ కథకి రిపోర్ట్‌లో "కుటుంబం చెప్పిన ప్రకారం" అని ఒక్క ముక్క దక్కింది, ఈ ఫొటోకి మాత్రం అర పేజీ. 1927 అని రాసుకుని 1950ల్లోనో 60ల్లోనో చేసి ఉండొచ్చు కదా అని నేనడిగా, ఆ కాలం ప్రభుత్వ ఫ్యాక్టరీల సరుకు మీద ఎక్కువగా జింగ్‌డెజెన్ పేరో దేశం పేరో ఉంటుంది, రాజుల పేర్లు తక్కువ, పైగా అడుగు అరుగుదల కూడా 1927కే కలుస్తోంది అన్నారు.

చివర్లో లైట్లన్నీ ఆపి అతినీలలోహిత టార్చ్ వేశారు. ఒళ్లంతా ఒకలా కనపడుతుంటే మూతి అంచు మీద బొటనవేలంత మేర పాలిపోయిన వెలుగుతో వేరేగా మెరిసింది. ఎప్పుడో పెచ్చు ఊడితే రెజిన్ పెట్టి రంగు వేసి అతికించారు, మామూలు వెలుగులో ఎవరికీ తెలీనంత నున్నగా. అక్కడ గోరుతో కొడితే శబ్దం మొద్దుగా ఉంది, పక్కన కొడితే టంగుమంటోంది. దాని కిందనించి వెంట్రుకలా ఒక బీట నాలుగు సెంటీమీటర్లు దిగింది. పిన్ని "అన్నయ్య ఇల్లు మారినప్పుడు..." అని మొదలెట్టి ఆగిపోయింది. ఈ బీట వల్ల కలెక్టర్లు వెనక్కి తగ్గుతారు, ఇంట్లో అందానికి పెట్టుకునేవాళ్లు పట్టించుకోరు, అంటే కొనేవాళ్ల రకమే మారిపోతుంది, విలువ అక్కడే సగానికి సగం మారొచ్చు.

బావ ఇంకా వదల్లేదు, ల్యాబ్ టెస్ట్ అన్నాడు. థెర్మోల్యూమినెసెన్స్ అని ఉంది నిజమే, మట్టి చివరిసారి ఎప్పుడు కాలిందో చెప్తుంది, కానీ దానికి అడుగున డ్రిల్ చేసి చిన్న ముక్క తియ్యాలి, అది కూడా పాతదా కొత్తదా అని తేల్చగలదు తప్ప 1907నా 1927నా అని కాదు. ఎక్స్‌రేలు తగిలితే లెక్క తప్పుతుంది, పాత కుండ అడుగు తెచ్చి కొత్త ఒంటికి అతికించే మహానుభావులూ ఉన్నారు. మాదానికి అంత ఖర్చు దండగ అని ఆవిడే చెప్పేశారు. ఫీజు పెంచుకునే అవకాశం ఉండి కూడా వద్దనడం చూశాక నాకు రిపోర్ట్ మీద పూర్తి నమ్మకం కుదిరింది.

రిపోర్ట్‌లో ఏం రాశారంటే చైనా, జింగ్‌డెజెన్, రిపబ్లిక్ కాలం, 1927కి సరిపోయే డింగ్‌మావో తేదీ, చియాన్‌లాంగ్ ముద్ర ఆ కాలానిది కాదు, చేత్తో గీసింది, మూతి దగ్గర మరమ్మత్తు, బీట. విలువ కట్టడానికి ఇదే కాలం, ఇదే సైజు, పేరు తెలియని చిత్రకారులు, ఇలాంటి దెబ్బలే ఉన్న వాజ్‌లు వేలాల్లో నిజంగా ఎంతకి అమ్ముడయ్యాయో తీసుకున్నారు. ఆన్‌లైన్‌లో అడుగుతున్న రేట్లు ఒక్కటీ తీసుకోలేదు, అడగడానికేముంది ఎంతైనా అడుగుతారు. వచ్చిన అంకె బావ కలగన్నదానికి ఆమడ దూరం, అమ్మ అనుకున్నదానికి మాత్రం చాలా ఎక్కువ. పిన్ని వాజ్ తీసుకుని ఆ మేరకి అమ్మకి వేరే లెక్కలో సర్దింది.

పంపేటప్పుడు టేపు వాజ్‌కి నేరుగా తగలనివ్వొద్దన్నారు ఆవిడ, పీకేటప్పుడు పై రంగులూ బంగారపు గీతలూ దాంతోపాటు వచ్చేస్తాయి. మెత్తటి కాగితం చుట్టి, మూతి లోపల కూడా కాగితం ఉండలు కూరి, పెట్టెలో పెట్టి, ఆ పెట్టెని ఇంకో పెద్ద పెట్టెలో పెట్టాం. వేడినీళ్లతో కడగొద్దు, ఆ అతుకు ఊడుతుంది, పువ్వులు పెట్టాలంటే లోపల వేరే గ్లాసు పెట్టుకోమని పిన్నికి చెప్పాం. 1971 ఫొటోని రిపోర్ట్‌తో పాటే వాజ్ ఎక్కడుంటే అక్కడ ఉంచమన్నారు, ఆ ఫొటో లేకపోతే రేపు ఇంకో వాల్యుయర్ 1987 అంటే కాదనడానికి మన దగ్గర ఏమీ ఉండదు. అమ్మ ఒరిజినల్ ఇవ్వనంది. స్కాన్ తీసి రెండువైపులా ప్రింట్ కొట్టించి పంపాం.